నేల లెక్కలో రాని నీళ్లు

తిరుపతి

చిరంజీవులైన పిల్లలకు తాత ఆశీస్సులు.

మనుషులు భూమిని ఎంత వాడేస్తున్నారో లెక్కుందా అని ఫోన్లో అడిగారు. ఉంది. 1990ల మొదట్లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో విలియం రీస్, ఆయన శిష్యుడు మాథిస్ వాకర్‌నాగెల్ ఆ పద్ధతి తయారుచేశారు. పర్యావరణ పాదముద్ర అంటారు. మనం వాడే ప్రతిదానికీ ఎంత నేల పట్టిందో చూస్తారు.

పొద్దున మీరు తాగే గ్లాసెడు పాలే తీసుకోండి. ఆవు మేసిన గడ్డికి కొంత నేల. దాణాలోని మొక్కజొన్న, శెనక్కాయల చెక్క పండిన చేనుకు ఇంకొంత. పాలు చల్లబరిచే మిషన్‌కు కరెంటు, ఊరూరా తిరిగే పాలవ్యానుకు డీజిల్ కావాలి కదా, ఆ పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకోవడానికి ఎంత అడవి కావాలో అదీ పద్దుకెక్కుతుంది. ప్రపంచం మొత్తం పద్దులో సగానికి పైగా ఈ పొగదే! చేపలు పట్టే నీళ్లు, ఇళ్లూ రోడ్లూ మింగిన స్థలం కూడా కలుపుతారు. మన కుప్పం మెట్ట, గోదావరి మాగాణి ఒకేలా పండవు కాబట్టి ప్రపంచ సగటు దిగుబడికి సరిచేసి, గ్లోబల్ హెక్టార్లలో రాస్తారు.

2024 లెక్కలో, భూమి ఏడాదిలో తిరిగి పుట్టించగలిగినదానికి దాదాపు 1.7 రెట్లు వాడుతున్నామని తేలింది. ఆ ఏడు ఆగస్టు 1కే ఏడాది వాటా చెల్లిపోయిందని లెక్కగట్టారు. మన దేశంలో మనిషి సగటు ఒక గ్లోబల్ హెక్టారుకు కాస్త అటూఇటూ, అమెరికాలో దానికి ఎన్నో రెట్లు. అయినా మనకేం అనుకోవద్దు. మన నేల మనిషికి ఇవ్వగలిగింది ఆ ఒక్క హెక్టారులో సగం కూడా లేదు.

నన్ను కలవరపెట్టేది ఇంకొకటుంది. భూగర్భ జలం ఈ లెక్కలోకి రాదు. పలమనేరు టమోటా లారీకెక్కితే చేను పద్దులో పడుతుంది, లారీ పొగ పడుతుంది, ఆ చేను తాగిన బోరు నీళ్లు పడవు. మన పడమటి మండలాల్లో వెయ్యి అడుగులు దించినా దుమ్మే లేచిన బోర్లున్నాయి. అప్పు తెచ్చి వేయించిన బోరు అలా పోతే ఆ ఇల్లు ఏళ్ల తరబడి కోలుకోదు. అందుకే నీళ్ల లెక్క మనమే రాసుకోవాలి.

సెలవులకు వచ్చేటప్పుడు ఒక లాంగ్‌నోట్‌బుక్ తెచ్చుకోండి. ఊళ్లో ప్రతి బోరు దగ్గరికీ పోదాం. ఎవరు, ఎప్పుడు వేయించారు, ఎన్ని అడుగులు, ఏ పంటకు పారింది, ఎన్నేళ్లకు ఎండింది, అన్నీ అడిగి రాద్దాం. ఎండినవాటిని వదలొద్దు. కార్తీకం వానలు వెలిశాక ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి నీటిమట్టం నేను చూసి రాస్తుంటాను.

మీ తాత