గూడ్సు ఇంజన్ల రంగులు ఫోటో తీసే పిల్లలకి

పిల్లలూ,

మీరు పంపిన ఫోటోలు చూశాను, బాగానే ఉన్నాయి గానీ అన్నీ ఎదురు నుంచే తీశారు, హెడ్‌లైటు వెలుగు తప్ప ఏమీ తెలీట్లేదు. రంగుల తేడాలు పట్టుకోవాలంటే పక్కనుంచి తీయాలర్రా. నంబరు, ఇంజన్ని ఉంచి చూసుకునే షెడ్డు పేరు, పీఓహెచ్ అంటే పెద్ద రిపేరు ఏ వర్క్‌షాపులో ఎప్పుడు చేశారో ఆ తేదీ, అన్నీ బాడీ మీద చిన్న అక్షరాల్లో ఉంటాయి, పెయింటు కొత్తదా పాతదా అనేది సగం ఆ తేదీ చూస్తేనే తెలిసిపోతుంది.

ఇంజను రకం పేరు వాగ్ (WAG) అంటే డబ్ల్యూ బ్రాడ్‌గేజి, ఏ ఏసీ కరెంటు, జీ గూడ్సు. జీ బదులు పీ ఉంటే వాప్ (WAP), అంటే ప్యాసింజరు. నంబరు 27, 28తో మొదలైతే వాగ్-7, 31 అయితే వాగ్-9, 60 అయితే వాగ్-12, అదే మధేపురాలో తయారయ్యే 12000 హార్స్‌పవర్ది, రెండు బాడీలు కలిపి ఒక ఇంజను. వేరే సీరీసులూ ఉన్నాయి, అవి మెల్లగా వస్తాయిలే.

నాకు ఇష్టమైంది వాగ్-9. ముదురు ఆకుపచ్చ మీద క్రీమ్ పట్టీ. దీన్నీ తెలుపు మీద ఎర్ర పట్టీ ఉండే వాప్-7నీ పక్కపక్కన పెట్టి చూడండి, ఒకే బడిలో వేరే యూనిఫారం వేసుకున్న కవలల్లా ఉంటాయి. లోపల ముఖ్యమైన తేడా గేర్ల పళ్ళ లెక్కది, వాగ్-9కి 77:15, వాప్-7కి 72:20, అందుకే ఒకటి బరువు లాగుద్ది, ఇంకోటి స్పీడు పోద్ది. వాగ్-7ల్లో మాత్రం ఒక్కో షెడ్డుది ఒక్కో రంగు, పట్టీ వెడల్పు కూడా మారుతుంది, సరదా అంతా అక్కడే.

ఇంకోటి, ఫోన్‌ని నమ్మొద్దు. కెమెరాని ఆటో మోడ్‌లో వదిలేస్తే ఒకే ఆకుపచ్చని ఒకసారి నీలంగా, ఒకసారి నల్లగా చూపిస్తుంది, సాయంత్రం ఎండలో క్రీమ్ కాస్తా పసుపైపోద్ది, మీరేమో కొత్త పెయింటు దొరికిందని గంతులేస్తారు. కెమెరాలో రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఎండ గుర్తు మీద ఫిక్స్ చేసి, పొద్దున ఎండ వీపు మీద పడేలా నిలబడి తీయండి. వీటీపీఎస్ (విజయవాడ థర్మల్ కరెంటు ప్లాంటు) బొగ్గు బండి లాగే ఇంజన్ల కింద భాగం గోధుమ రంగులో ఉంటే అది పెయింటు కాదు, బొగ్గు దుమ్ము, బ్రేకుల నుంచి రాలే ఇనప పొడి. వాన పడ్డాక ఒకసారి చూడండి, అసలు రంగు బయటపడుద్ది.

గూడ్సు కదుల్తుంటే షట్టర్ స్పీడు 1/500 సెకను కంటే నెమ్మదిగా పెట్టొద్దు, లేకపోతే అక్షరాలు చెదిరిపోతాయి.

విజయవాడ పక్కన కృష్ణా కెనాల్ స్టేషన్‌కి వెళ్తే గుంటూరు లైను, తెనాలి లైను విడిపోయేది అక్కడే కాబట్టి రెండు వైపుల బళ్ళూ దొరుకుతాయి, ప్లాట్‌ఫాం టికెట్టు కొనుక్కుని ప్లాట్‌ఫాం మీదే ఉండండి. పట్టాల మీదకి దిగితే రైల్వే చట్టం 147వ సెక్షను కింద ఆరు నెలల జైలుదాకా ఉంది, పైన వైర్లలో 25000 వోల్టులు, సెల్ఫీ స్టిక్కు ఇంట్లో పెట్టి వెళ్ళండి, ఈ విషయంలో నాతో వాదించొద్దు.

ఫోటోకి పేరు పెట్టేటప్పుడు నంబరు, షెడ్డు, తేదీ, స్టేషను ఈ నాలుగూ వేసి పంపండి. 27 సీరీసు ఏదైనా తగిలితే ముందు అది పంపండి.

మీ పెదనాన్న