మామ అంటే ఎవరు?

కడప

చిరంజీవులకు,

ఇంటికొచ్చిన మగవాళ్లంతా మీకు 'అంకుల్' అయిపోయారు. ఆ మాటతో వచ్చింది నాయన తమ్ముడో, అమ్మ అన్నో తెలీదు. మనకు ఆ రెండూ ఒకటి కావు. నాయన అన్నదమ్ములు పెదనాయన, చిన్నాయన. అమ్మ అక్కచెల్లెళ్లు పెద్దమ్మ, చిన్నమ్మ. వీళ్ల పిల్లలంతా మీకు తోబుట్టువులే. నాయన అక్కచెల్లెళ్లు మాత్రం అత్తలు, అమ్మ అన్నదమ్ములు మామలు. వాళ్ల పిల్లలు బావలు, మరదళ్లు. పిల్లనిచ్చినవాళ్లనూ అత్తామామలనే అంటాం చూడండి, మేనరికం మన మాటల్లోనే ఉంది.

అదే వీధిలో ఉర్దూ మాట్లాడే ఇంట్లో చాచా, ఫుప్పూ, మామూ, ఖాలా అని నలుగురికీ నాలుగు పేర్లు. ఆ నలుగురిలో ఎవరి పిల్లలనైనా చేసుకోవచ్చు. కానీ పసితనంలో ఒకే తల్లి పాలు తాగినవాళ్లు, రక్తం కలవకపోయినా, తోబుట్టువులే. హర్యానా పల్లెల్లో మామ కూతురూ చెల్లెలే. సొంత ఊరి పిల్లనూ చేసుకోరు, కోడలు బయటి ఊరి నుంచే రావాలి. 1955 నాటి హిందూ వివాహ చట్టం తండ్రి వైపు 5, తల్లి వైపు 3 తరాల లోపు పెళ్లి కూడదంటుంది, ఆచారం ఉంటే తప్ప. మన మేనరికం ఆ 'తప్ప' మీదే నిలబడింది.

మేఘాలయ ఖాసీలలో పిల్లలకు తల్లి వంశం పేరు వస్తుంది. పెద్దల ఇల్లు ఆఖరి కూతురిది, అమ్మానాన్నలను చూసుకునే బరువుతో సహా. మేనమామ మాటకు అక్కడ విలువెక్కువ. మన మేనమామకు ఆస్తిలో మాట లేదు గానీ, పుట్టెంట్రుకలు తీసేదీ చెవులు కుట్టేదీ ఆయన ఒళ్లోనే. పెళ్లికూతురిని బుట్టలో కూర్చోబెట్టి తెచ్చేదీ ఆయనే.

వరసలు ఉంచుకోండి, మేనరికం పెళ్లి మాత్రం మానుకోండి. బావామరదళ్ల జన్యువుల్లో సుమారు ఎనిమిదో వంతు ఉమ్మడి. మేనమామ, మేనకోడలైతే నాలుగో వంతు. ఇద్దరిలోనూ ఒకే లోపం దాగుంటే అది బిడ్డలో బయటపడొచ్చు.

ఇప్పుడొక తెల్లకాగితం తీసుకుని మన చుట్టాలందరినీ గీయండి. మగవాళ్లకు త్రిభుజం, ఆడవాళ్లకు సున్నా. పెళ్లికి రెండు గీతలు. పెన్సిలే వాడండి, పెద్దమ్మ మొగుడిని మామ అని రాసి చెరిపేస్తారు, ఆయన పెదనాయనే. అక్కను మేనమామకిచ్చిన ఇంట్లో ఆయన మామా, బావా కూడా, రెండూ రాయండి.

పక్కన కాస్త చోటు వదలండి. ఉగాదికి దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు వస్తారు కదా, బీబీ నాంచారి తమ ఆడబిడ్డ, స్వామి తమ అల్లుడు అని. ఆ అల్లుడిని ఏ గీత చివర పెడతారో మీరే తేల్చండి.

ఆశీస్సులతో,
మీ తాత