అమ్మ కొలెస్టరాల్, బిడ్డ రక్తనాళాలు

ఎనిమిదో నెల గర్భిణికి ఏదో కారణంగా లిపిడ్ ప్రొఫైల్ చేయించారనుకోండి. మొత్తం కొలెస్టరాల్ 260 అని రిపోర్టు వస్తుంది. ఇంట్లో అందరికీ టెన్షన్ మొదలవుతుంది. సీమంతంలో పెట్టిన మిఠాయిల మీద, అమ్మ వడ్డించిన నెయ్యి మీద నింద పడుతుంది. ఆ అంకెను చూసి అంత హడలిపోనక్కర్లేదు. గర్భం వస్తే కొలెస్టరాల్ పెరగడం మామూలే. హార్మోన్ల ప్రభావంతో నాలుగో నెల దాటాక తల్లి కాలేయం కొవ్వులను ఎక్కువగా రక్తంలోకి వదులుతుంది. నెలలు నిండేసరికి కొలెస్టరాల్ 30 నుంచి 50 శాతం దాకా, ట్రైగ్లిజరైడ్లు అనే మరో రకం కొవ్వులు రెండు మూడు రెట్లు పెరగవచ్చు.

అది దండగ పెరుగుదల కూడా కాదు. గర్భాన్ని నిలిపే ప్రొజెస్టెరాన్ హార్మోన్‌ను మాయ (ప్లాసెంటా) తయారుచేసేది తల్లి కొలెస్టరాల్‌తోనే. బిడ్డలో ప్రతి కణం పొరకూ, ముఖ్యంగా మెదడుకూ అది కావాలి. స్మిత్-లెమ్లి-ఓపిట్జ్ అనే జన్యులోపం ఉన్న పిల్లల శరీరం సొంతంగా కొలెస్టరాల్‌ను సరిగా చేసుకోలేదు. వాళ్లు మెదడు, గుండె లోపాలతో, అతుక్కున్న కాలివేళ్లతో పుడుతుంటారు.

తల్లికి 250 ఉన్నా, పుట్టిన బిడ్డ బొడ్డుతాడు రక్తంలో కొలెస్టరాల్ సాధారణంగా 60, 70 దగ్గరే ఉంటుంది. అంటే తల్లి అంకె బిడ్డకు అలాగే దిగదు. మరి అసలు సంబంధమే లేదా?

ఇటలీలోని నేపుల్స్‌లో క్లాడియో నాపోలీ, అమెరికాలో వుల్ఫ్ పాలిన్‌స్కీ అనే పరిశోధకులు కలిసి చేసిన పని ఇక్కడ చాలా ముఖ్యం. గర్భస్రావమైన పిండాల, నెలలు నిండకుండా పుట్టి గంటల్లోనే చనిపోయిన శిశువుల బృహద్ధమనిని (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళాన్ని) వాళ్లు పలుచటి ముక్కలుగా కోసి సూక్ష్మదర్శిని కింద పరిశీలించారు. గుండెజబ్బుకు తొలి గుర్తు అయిన కొవ్వు చారలు అప్పటికే అక్కడ ఉన్నాయి! తల్లికి కొలెస్టరాల్ ఎక్కువగా ఉన్న పిండాల్లో అవి మరీ ఎక్కువ. ఆరు నెలల లోపు పిండాల్లో రక్తంలోని కొలెస్టరాల్ కూడా తల్లిదాన్ని అనుసరించింది, ఆ తర్వాత ఆ పోలిక కనిపించలేదు. ఇవి 1997లో అచ్చయిన ఫలితాలు.

రెండేళ్ల తర్వాత, ప్రమాదాల్లోనో మరో కారణంతోనో చనిపోయిన 156 మంది పిల్లల రక్తనాళాలను ఇలాగే చూశారు. ఆ పిల్లలందరి కొలెస్టరాల్ మామూలుగానే ఉండేది. అయినా, గర్భంలో ఉండగా తల్లికి కొలెస్టరాల్ ఎక్కువగా ఉన్న పిల్లల్లో చారలు పెద్దవి, వయసుతో పాటు త్వరగా పెరిగాయి. నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసేది ఇదే. పిల్లవాడి రిపోర్టు నార్మల్, గుర్తు మాత్రం ధమని గోడ మీద ఉంది.

ఇదంతా జన్యువుల వల్లే కావచ్చు కదా అనే అనుమానం న్యాయమైనదే. అందుకే కుందేళ్లతో ప్రయోగాలు చేశారు. వాటిలో కొలెస్టరాల్ పెంచింది జన్యువులు కాదు, మేత. ఆ తల్లుల పిల్లల్లోనూ చారలు పెరిగాయి. తల్లి గర్భంతో ఉండగానే కొలెస్టరాల్ తగ్గించే మందు ఇస్తే అవి తగ్గాయి. మనుషుల్లో ఇంకో ఆధారం అమెరికాలో కుటుంబాల గుండె ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనిస్తున్న ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం నుంచి వచ్చింది. పిల్లలు పెద్దవాళ్లయ్యాక వాళ్ల ఎల్‌డీఎల్ (చెడు కొలెస్టరాల్)లో కనిపించే తేడాల్లో 13 శాతాన్ని, తెలిసిన జన్యువులనూ బరువు వంటి కారణాలనూ లెక్కలోంచి తీసేశాక కూడా, తల్లికి గర్భానికి ముందున్న ఎల్‌డీఎల్‌తో వివరించగలిగారు.

అయితే గర్భిణి తిండి మారిస్తే బిడ్డ లెక్క మారుతుందా? నార్వేలో 290 మందితో చేసిన ప్రయోగంలో చేపలు, కూరగాయలు, మంచి నూనెలున్న ఆహారంతో తల్లుల కొలెస్టరాల్ కొంత తగ్గింది. బొడ్డుతాడు రక్తంలో మాత్రం తేడా రాలేదు. ధమనుల సంగతి ఆ రక్తపరీక్ష చెప్పలేదు.

కాబట్టి నా దృష్టిలో సరైన సమయం గర్భానికి ముందే. పెళ్లయి పిల్లల కోసం చూస్తున్నప్పుడు థైరాయిడ్, షుగర్‌తో పాటు లిపిడ్ ప్రొఫైల్ కూడా చేయించుకోవడం మంచిది. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మందులు వాడుతున్నవాళ్లు గర్భం అనుకోగానే డాక్టరుతో మాట్లాడాలి, ఎక్కువమందికి ఆపమనే చెబుతారు. గర్భంలో అంకె పెరిగితే కాన్పయిన రెండు మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించాలి. అప్పటికీ ఎల్‌డీఎల్ 190 దాటి ఉంటే వంశపారంపర్య కొలెస్టరాల్ జబ్బేమో చూడాలి. ఆ జన్యువు తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. అలాంటి ఇంట్లో పిల్లలకు రెండేళ్లు నిండాక ఒకసారి రక్తపరీక్ష చేయించవచ్చు.