కొండ మీద నిద్ర రాకపోతే మాత్ర వేసుకోవద్దు పిల్లలూ

తిరుపతి

పిల్లలూ,

మీరంతా కలిసి లడఖ్ పోతా ఉండారని, దానికోసం పొద్దున్నే లేచి అలిపిరి మెట్లు ఎక్కుతా ఉండారని విని చాలా సంతోషపడినా. అయితే మన చిన్నోడు ఫోన్ చేసి "తాతా, అక్కడ రాత్రుళ్ళు నిద్ర పట్టదంట, నువ్వు ఇన్నేళ్ళు మెడికల్ షాపు నడిపినావు కదా, ఒక స్ట్రిప్ ఆల్‌ప్రజోలామ్ నిద్రమాత్రలు ఇప్పించు" అన్నాడు. నేను ఇప్పించను. అది షెడ్యూల్ హెచ్1 మందు, డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఇచ్చినా పేషెంటు పేరు, డాక్టర్ పేరు రిజిస్టర్‌లో రాసి మూడేళ్ళు దాచాలి. రూల్ సంగతి అట్ట ఉంచండి, అసలు కారణం వేరే ఉంది, ఫోన్లో చెప్తే సగం విని ఊ కొట్టేస్తారు, అందుకే రాస్తా ఉండా.

ముందు మెట్ల సంగతి చెప్తా. 3,550 మెట్లు ఎక్కినా తిరుమల ఎత్తు 850 మీటర్ల ప్రాంతమే. లేహ్ ఊరే 3,500 మీటర్లు, మీరు బైకుల మీద పోతామంటున్న ఖర్దుంగ్ లా కనుమ 5,359 మీటర్లు. మెట్లెక్కితే కాళ్ళకి, గుండెకి మంచిదే, మానొద్దు. కానీ పల్చటి గాలికి ఒళ్ళు అలవాటు పడేది ఆ ఎత్తులో రోజులు గడిపితేనే, ఇక్కడ ఎంత ఎక్కినా అది రాదు. బాగా దమ్మున్న కుర్రోళ్ళకి కూడా అక్కడ తలనొప్పి, వాంతులు వస్తాయి, దమ్ముంది కదా అని గబగబా పైకి పోయి వాళ్ళే ఎక్కువ ఇబ్బంది పడతారు.

ఇంక నిద్ర. పైన కూడా గాలిలో ఆక్సిజన్ 21 శాతమే, కానీ గాలి ఒత్తిడి తగ్గిపోతాది, 5,500 మీటర్ల దగ్గర సుమారు సగమే ఉంటాది. అందుకని ఒళ్ళు మనకి తెలీకుండానే ఊపిరి ఎక్కువ తీస్తాది, దాంతో ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతాది. నిద్రలో ఊపిరి తియ్యమని మెదడుకి ముఖ్యంగా గుర్తు చేసేది ఆ కార్బన్ డయాక్సైడే, అది తగ్గిపోయేసరికి ఊపిరి కాసేపు ఆగిపోతాది. పది, పదిహేను సెకన్లు ఛాతీ కదలదు, పక్కన పడుకున్నోడు టార్చి వేసి చూస్తే పై ప్రాణాలు పైనే పోతాయి. అంతలో కార్బన్ డయాక్సైడ్ మళ్ళీ పెరుగుతాది, మనిషి ఒక్కసారి పెద్ద ఊపిరి లాగి ఉలిక్కిపడి లేస్తాడు. మళ్ళీ గబగబా ఊపిరి, మళ్ళీ ఆగడం, రాత్రంతా ఉయ్యాల ఊగినట్టే. 1890ల్లోనే ఇటలీ శాస్త్రవేత్త ఏంజెలో మోసో మోంటే రోసా కొండ మీద ఇది గమనించి రాసినాడు. ఇది జబ్బు కాదు నాయనా. ఎత్తుకి పోతే తలనొప్పి, వాంతులతో వచ్చే కొండజబ్బు ఉందా లేదా అని చూసే లేక్ లూయిస్ స్కోరులో నుంచి నిద్ర పట్టకపోవడాన్ని 2018లో తీసేసినారు కూడా.

అట్ట ఉలిక్కిపడి లేవడమే మిమ్మల్ని కాపాడేది. ఆల్‌ప్రజోలామ్, డయాజిపామ్ లాంటివి మెదడుతో పాటు ఊపిరిని కూడా మందగింపజేస్తాయి, వాటి మీద మద్యం కూడా తాగితే ఇంక చెప్పక్కర్లేదు. అన్ని మాత్రలూ ఒకటి కాదు, అదీ చెప్తా. టెమాజెపామ్, జోల్పిడెమ్ అనే నిద్రమాత్రలు తక్కువ డోసులో ఇచ్చి చూసిన పరీక్షల్లో ఆక్సిజన్ పెద్దగా పడిపోలేదు. కానీ అక్కడ పక్కన డాక్టర్లు ఉంటారు, మిషన్లు ఉంటాయి. మీ టెంట్‌లో ఎవరుంటారు?

నాకు అన్నిటికంటే భయం ఇంకోటి. పైకి తొందరగా పోయినోళ్ళకి ఒక్కోసారి మెదడు వాస్తాది. అప్పుడు కనపడే గుర్తులేంటి? మత్తు, మాట తడబడడం, నడక తూలడం. మాత్ర వేసుకున్నోడికి కూడా అవే ఉంటాయి కదా! "వాడు మాత్ర మింగినాడులే, పడుకోనీ" అని మీరు వదిలేస్తారు, తెల్లారేసరికి చెయ్యి దాటిపోతాది. ఎవడైనా అదోలా ఉంటే లేపి ఒక కాలి మడమకి ఇంకో కాలి వేళ్ళు ఆనిస్తా ఒక గీత మీద పది అడుగులు నడిపించండి, తూలినాడంటే తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే తోడుండి కిందికి దించండి, ఆక్సిజన్ ఉంటే పెట్టండి. ఊరికే కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు ఉన్నా అంతే, అది ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరడం. మాత్ర మత్తులో రాత్రి టాయిలెట్‌కి లేచి మంచు మీద జారేది ఇంకొకటి.

మరి నిద్ర ఎట్ట? విమానంలో పోతా ఉండారు కాబట్టి లేహ్‌లో దిగినాక రెండు రోజులు ఊరు కూడా తిరగకుండా రెస్ట్ తీసుకోండి. 3,000 మీటర్లు దాటినాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్ల కంటే పెంచొద్దు, పగలు ఎంత పైకి పోయినా రాత్రికి కిందికొచ్చి పడుకోండి. మూడు నాలుగు రోజులకి ఒళ్ళే సర్దుకుంటాది, కిడ్నీలు ఆ పని చూసుకుంటాయి. ఆ పనిని తొందర చేసే మందు అసిటజోలమైడ్, డయామాక్స్ అంటారు కదా అది. దాంతో నిద్రలో ఊపిరి ఆగడం తగ్గుతాది. వేళ్ళు జివ్వుమంటాయి, మూత్రం ఎక్కువసార్లు వస్తాది, సోడా, కూల్ డ్రింకు చప్పగా అనిపిస్తాయి, భయపడొద్దు. మామూలుగా ఎక్కే ముందు రోజు నుంచి 125 మిల్లీగ్రాములు రెండు పూటలా రాస్తారు, కానీ అది మీకు సరిపడుతుందా లేదా డాక్టరే చెప్పాలి. సల్ఫా మందులు పడనోళ్ళు ఆ మాట తప్పకుండా చెప్పాలి. ఆయన దగ్గరికి పోయే ముందు మీ అమ్మల్ని అడగండి, చిన్నప్పుడు ఏ మందుకి మీకు ఒళ్ళంతా దద్దుర్లు లేచినాయో మీకు గుర్తుండదు, వాళ్ళకి గుర్తుంటాది.

మీ తాత