చంటిపిల్లలకు సెల్లు: 'రోజుకు గంట' లెక్క వెనుక కథ

రెండేళ్లలోపు పిల్లలకు టీవీ వద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 1999లో చెప్పింది. అప్పటికి వరంగల్, కరీంనగర్ ఇళ్లలో తెర అంటే గోడవారగా ఉండే టీవీయే. కరెంటు పోతే అదీ బంద్. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక తెర పిల్లల చేతికొచ్చింది. 2019 ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండేళ్లలోపు తెర అసలే వద్దని, 2–4 ఏళ్లవారికి రోజుకు గంట దాటొద్దని చెప్పింది. ఆ గంట ఒంటరి అంకె కాదు. మూడు నాలుగేళ్ల పిల్లలకు కనీసం 180 నిమిషాల ఆటాపాటా, 10–13 గంటల నిద్ర కూడా అదే పత్రంలో ఉన్నాయి.

కరోనాతో బళ్లు మూతపడ్డాక, 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో టీశాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ చానెళ్లలో మూడు నుంచి పదో తరగతి దాకా పాఠాలు మొదలయ్యాయి. అక్క చదువుకని కొన్న ఫోన్ తమ్ముడికీ అలవాటైంది. బళ్లు తెరిచినా ఆ అలవాటు పోలేదు.

భారత పిల్లల వైద్యుల సంఘం 2022లో ప్రచురించిన సూచనలు రెండేళ్లలోపు బంధువులతో అప్పుడప్పుడు వీడియో కాల్‌కు మాత్రమే ఒప్పుకున్నాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెలకు ఇది పెద్ద వెసులుబాటు: నాన్న దుబాయ్‌లో ఉన్న బిడ్డకు ఆ ముఖం తెలిసేది ఫోన్‌లోనే. అటువైపు మనిషి బిడ్డ నవ్వుకు నవ్వుతాడు, మాటకు బదులిస్తాడు. రైమ్స్ వీడియో ఆ పని చేయదు. చిక్కల్లా కాల్ అయ్యాక ఫోన్ బిడ్డ దగ్గరే ఉండిపోవడం. పెద్దవాళ్లే పట్టుకుని మాట్లాడించి, వెంటనే కంటికి కనబడని చోట పెట్టాలి.

బీడీలు చుడుతూ ఒంటరిగా బిడ్డను చూసుకునే తల్లి ఫోన్ ఇస్తే ఆమెను తప్పుపట్టడం అన్యాయం. అన్నీ ఒకేసారి మాన్పించనక్కర్లేదు, ముందు అన్నం వేళ చాలు. వీడియో చూస్తూ తినే బిడ్డకు ఆకలి, కడుపు నిండడం తెలియవు. బుక్క నోట్లోనే పెట్టుకుంటుంది. తిండికి రెండు గంటల ముందు నుంచి పాలు, బిస్కెట్లు ఆపండి. అందరితో కూర్చోబెట్టి, పప్పన్నం కొంచెం తన పళ్లెంలోనే వేయండి. అరగంటలో ముగించండి, మిగిలితే బతిమాలొద్దు. మొదట్లో ఏడుస్తుంది, తక్కువ తింటుంది. మధ్యలో నానమ్మ జాలిపడి ఒక్కసారి ఫోన్ ఇచ్చినా, ఇంకా గట్టిగా ఏడిస్తే దొరుకుతుందని బిడ్డ నేర్చుకుంటుంది. అందుకే ముందే ఇంటిల్లిపాదీ ఒక మాట మీదికి రావాలి.

ఇది కుదిరాక నిద్రకు ముందు గంట ఫోన్, ఆపైన ఎవరూ చూడకపోయినా మోగుతుండే టీవీ ఆపాలి. ఏడాదిన్నర వచ్చినా మాటలు రాకున్నా, పేరు పిలిస్తే తిరగకున్నా ఫోన్ ఆపితే చాలని ఎదురుచూస్తూ కూర్చోవద్దు. పిల్లల డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష చేయించాలి.