ప్యారిస్ ప్లాస్ దె వోజ్: మా గ్రూపుల్లో ఎప్పుడూ వినిపించే అపోహలు, అసలు సంగతులు

తెలుగు గ్రూపుల్ని యూరప్ తిప్పడం నా ఉద్యోగం. ప్యారిస్ అనగానే మనవాళ్లు ఈఫిల్ టవర్, లూవ్ర్ మ్యూజియం, సేన్ నదిలో పడవ షికారు అంటారు. "మరే" అనే పేటలో ఉన్న ప్లాస్ దె వోజ్ అనే చౌక్‌కి తీసుకెళ్తానంటే మాత్రం "అక్కడేముందండీ, నాలుగు చెట్లు, ఒక విగ్రహమేగా" అని పెదవి విరుస్తారు. వెళ్లాక ఇంకో రకం గందరగోళం. గూగుల్‌లో చదివింది, బస్సులో పక్క సీటాయన చెప్పింది కలిపేసుకుని ఎవరికి తోచిన చరిత్ర వాళ్లు చెప్పేస్తుంటారు. తరచుగా వినేవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "ఇది రాజుగారి ప్యాలెస్. లోపలికి టికెట్ ఉంటుంది."

టికెట్ లేదు. నడిచి లోపలికి వెళ్లిపోవడమే. ప్యాకేజీ కాగితంలో ఈ చౌక్ పక్కన "ఎంట్రీతో సహా" అని ఎవరైనా రాసిస్తే, ఆ ఎంట్రీ దేనికో ఒకసారి అడగండి.

ప్యాలెస్ అన్నది మాత్రం పూర్తిగా గాలి కబురు కాదు. ఇంతకు ముందు ఇక్కడ తూర్నెల్ అనే రాజభవనం ఉండేది. 1559లో రెండో హెన్రీ రాజు, దాని పక్కనే సాంత్ ఆంత్వాన్ వీధిలో గుర్రాల మీద బల్లేల పోటీ ఆడుతూ కంటికి దెబ్బ తగిలి, కొద్ది రోజులకే చనిపోయాడు. ఆ తర్వాత రాణి కేథరిన్ ఆ భవనాన్ని కూల్పించేసింది. ఖాళీ స్థలంలో గుర్రాల సంత నడిచింది.

ఇప్పుడు మనం చూసే చౌక్‌ని 1605లో నాలుగో హెన్రీ మొదలుపెట్టించాడు. ఆయన మొదటి ఆలోచన పట్టు పరిశ్రమ. ఉత్తరం వైపు నేత కార్ఖానా పెట్టించాడు కూడా. అది నడవలేదు. దాని చోట కూడా మిగతా మూడు పక్కల్లాగే ఇళ్లు కట్టించారు. పని పూర్తయ్యేలోపే, 1610లో, రాజు హత్యకు గురయ్యాడు. 1612 ఏప్రిల్‌లో ఆయన కొడుకు పదమూడో లూయీకి, స్పెయిన్ రాకుమారి ఆన్‌కి నిశ్చితార్థం సందర్భంగా పెద్ద ఉత్సవం చేసి చౌక్‌ని ప్రారంభించారు. చౌక్ చుట్టూ ఉన్న ఒక్కో ఇంటినీ పెవిలియన్ అంటారు. దక్షిణం వైపు మిగతావాటికంటే ఎత్తుగా కనిపించేది రాజు పెవిలియన్, ఎదురుగా ఉత్తరాన ఉన్నది రాణి పెవిలియన్. పేర్లే అవి. ఏ రాజూ అందులో కాపురం పెట్టలేదు.

అపోహ: "నాలుగు వందల ఏళ్ల నాటి ఎర్ర ఇటుక కట్టడం, చెక్కు చెదరలేదు."

నాకు అన్నిటికంటే ఇష్టమైన అపోహ ఇదే. ఇక్కడ కాసేపు ఆపి మరీ చూపిస్తాను.

పక్కకి 140 మీటర్ల చొప్పున ఉన్న ఈ చతురస్రం చుట్టూ 36 పెవిలియన్లు. అన్నీ ఒకే తీరు: కింద వరండా కమానులు, పైన ఎర్ర ఇటుక, మధ్యలో తెల్ల రాయి, ఆపైన నల్ల పలకల వాలు కప్పు. ఇవన్నీ రాజు కట్టించి ఇచ్చినవి కావు. స్థలాలు పెద్ద పెద్ద వాళ్లకి ఇచ్చి, చౌక్ వైపు ముఖం మాత్రం ఒకే డిజైన్‌లో కట్టాలని షరతు పెట్టాడు. వెనక ఎవరిష్టం వాళ్లది. అందుకే ఏదైనా గేటు తెరిచి ఉంటే లోపలికి తొంగి చూడండి. ముందు కవలల్లా ఉన్న ఇళ్లు వెనక పెరట్లో ఒకదానికొకటి పోలిక లేకుండా ఉంటాయి.

షరతు పెట్టినప్పుడు జనం ఏం చేస్తారో మనకి తెలియంది కాదు. అన్నీ అసలు ఇటుక గోడలు కావు. కొన్ని పెవిలియన్లకి ముందు గోడ మీద సున్నపు పూత పూసి, ఎర్ర రంగు వేసి, మధ్యలో ఇటుక అతుకుల్లా గీతలు గీశారు. దూరం నుంచి ఫోటో తీస్తే తేడా తెలియదు. దగ్గరికెళ్లి, పైఅంతస్తు కిటికీల పక్కన చూడండి. నిజమైన ఇటుకల్లో ఒక్కోటీ ఒక్కో రంగు, అంచులు అరిగి ఉంటాయి. పూత గోడ మీద రంగంతా ఒకేలా ఉంటుంది, గీతలు స్కేలు పెట్టి గీసినట్టు ఉంటాయి. గ్రూపులో రిటైర్డ్ ఇంజినీరు ఒక్కరుంటే చాలు, ఇక మిగతావాళ్లు విగ్రహం సంగతి మర్చిపోయి గోడలే లెక్కపెడతారు. ఆ కక్కుర్తి పని వల్ల చౌక్ అందం తగ్గిందని నేననుకోను. పూత ఇళ్లు కూడా అసలు ఇటుక ఇళ్ల పక్కన దర్జాగా నిలబడ్డాయి.

అపోహ: "ఈ తోట, విగ్రహం అప్పటివే."

మొదట్లో ఇక్కడ తోటే లేదు. ఉత్సవాలకి, గుర్రపు ఆటలకి ఖాళీ మైదానం. ద్వంద్వ యుద్ధాలకీ అదే. మంత్రి రిషెల్యూ కాలంలో అవి నిషేధం. అయినా 1627లో మోంమొరాన్సీ-బూత్‌విల్ అనే ప్రభువు పట్టపగలు ఇక్కడే కత్తి దూశాడు. అదే ఏడాది తల తీయించారు.

మధ్యలో గుర్రం మీదున్న పదమూడో లూయీ కూడా అప్పటివాడు కాడు. 1639లో పెట్టిన కంచు విగ్రహాన్ని 1792లో, ఫ్రెంచి విప్లవం రోజుల్లో, కరిగించేశారు. ఇప్పుడున్న పాలరాయి విగ్రహం 1820లలో చెక్కింది. గుర్రం పొట్ట కింద ఒక చెట్టు మొద్దు కనిపిస్తుంది, గమనించండి. ఆ కాళ్ల మీద అంత బరువు నిలబడదని పెట్టిన ఆసరా అది. చుట్టూ గుబురు చెట్లు పెరిగిపోయి చాలామంది విగ్రహాన్ని సరిగ్గా చూడకుండానే సెల్ఫీ తీసుకుని వచ్చేస్తారు.

పేరు సంగతి రెండు ముక్కల్లో: మొదట రాయల్ స్క్వేర్ అనే అర్థం వచ్చే పేరే ఉండేది. విప్లవం తర్వాత పన్ను అందరికంటే ముందు కట్టినందుకు మెచ్చి వోజ్ జిల్లా పేరు పెట్టారు. ఈ మాట చెప్పగానే గ్రూపులో వ్యాపారస్తులు నవ్వుతారు.

అపోహ: "విక్టర్ హ్యూగో ఇల్లు ఆయన వదిలి వెళ్లినట్టే ఉంది."

ఆగ్నేయ మూలన 6వ నంబరు ఇంట్లో, రెండో అంతస్తులో ఈ ఫ్రెంచి రచయిత 1832 నుంచి 1848 దాకా అద్దెకున్నాడు. 1903లో మ్యూజియం అయింది. అందరూ ఫోటో తీసుకునే చైనా గది మాత్రం ఈ ఇంటిది కాదు. హ్యూగో దేశం వదిలి గెర్న్సీ ద్వీపంలో ఉన్నప్పుడు ప్రియురాలు జూలియెట్ ద్రువే ఇంటి కోసం తయారుచేయించిన అలంకరణ అది. ఆయన చనిపోయిన పడక గది కూడా వేరే ఇంటిది, ఇక్కడ మళ్లీ అమర్చారు. శాశ్వత ప్రదర్శన ఉచితం. సోమవారం సెలవు. మ్యూజియంలో గ్రూపుకి వివరించి చెప్పడానికి ఫ్రాన్స్‌లో లైసెన్సున్న గైడు ఉండాలి కాబట్టి నేను చెప్పాల్సిందంతా బయట వరండాలోనే చెప్పేసి లోపలికి పంపిస్తాను.

అపోహ: "గడ్డి మీద కూర్చుంటే ఫైన్ వేస్తారు, తిండి తినకూడదు."

ఎండ కాస్తే ప్యారిస్ జనం సగం ఆ గడ్డి మీదే ఉంటారు. గడ్డిని తెరిచి ఉంచిన రోజుల్లో నిక్షేపంగా కూర్చోవచ్చు. చలికాలంలో గడ్డికి విశ్రాంతి ఇస్తారు, బోర్డు పెట్టి తాడు కడతారు. అప్పుడు బెంచీలు. పులిహోర డబ్బా విప్పితే ఎవరూ ఏమీ అనరు, తిన్న కవర్లు మాత్రం డస్ట్‌బిన్‌లో వెయ్యండి.

శాకాహారులు తిండి గురించి టెన్షన్ పడక్కర్లేదు. ఓ పది నిమిషాలు నడిస్తే యూదుల రోజియే వీధి వస్తుంది. అక్కడ దొరికే ఫలాఫెల్‌ని మన శనగపప్పు వడకి దూరపు చుట్టం అనుకోండి. కాకపోతే శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం దాకా వాళ్ల సబ్బాత్ (వారానికోసారి వచ్చే విశ్రాంతి రోజు), పేరున్న కొట్లు చాలావరకు మూసే ఉంటాయి. శనివారం మధ్యాహ్నం ఆకలితో గ్రూపుని అటు నడిపిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

అపోహ: "హోటల్లో నీళ్లకి కూడా డబ్బులే, టిప్ తప్పనిసరి."

సీసా నీళ్లకి డబ్బులు. భోజనంతో పాటు "కరాఫ్ దో" అని అడిగితే కుళాయి నీళ్లు జగ్గులో ఉచితంగా పెడతారు. అది అక్కడి నియమం. సర్వీసు కూడా బిల్లులోనే కలిసి ఉంటుంది. నచ్చితే చిల్లర వదిలేయొచ్చు, అంతే. కాఫీ మాత్రం బయట కుర్చీలో కూర్చుని తాగితే, లోపల కౌంటర్ దగ్గర నిలబడి తాగినదానికంటే ఎక్కువ పడుతుంది.

అపోహ: "ఫోటో స్టాప్ చాలు, పావుగంట."

అసలు బస్సు అంత దగ్గరికి రాదు. మెట్రోలో సాన్ పోల్ లేదా బాస్టీల్‌లో దిగి నడవడమే మేలు. ఒకటో లైన్‌లో జేబుదొంగలు ఎక్కువ కాబట్టి పర్సు, పాస్‌పోర్టు ముందు పక్క పెట్టుకోండి. వెళ్లేటప్పుడు సాంత్ ఆంత్వాన్ వీధిలోంచి ఒతెల్ ద స్యుల్లీ అనే పాత భవనం గుండా పోవాలని నా సలహా. ముందు రాతి ముంగిలి, తర్వాత చిన్న తోట, ఆ తోట చివర మూలన ఒక మామూలు తలుపు. అది దాటితే నేరుగా చౌక్ వరండా కింద తేలతారు. పగటి పూట ఉచితమే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూడా నిదానంగా నడవగలిగే దూరం. వరండాల్లో రాత్రి కూడా తిరగొచ్చు గానీ తోటకి గేట్లుంటాయి. చలికాలంలో చీకటి పడగానే తాళం వేసేస్తారు, డిసెంబరులో వచ్చేవాళ్లు డిన్నర్ తర్వాత చూద్దామని వాయిదా వేయకండి.