నడిచేవాళ్ల తొవ్వ ఎట్లా పోయింది? పాలమూరు, నల్లగొండ పట్టణాల కథ

పాలమూరు పెద్ద చెరువు కట్ట మీదికి తెల్లవారుజామున వెళ్తే నడిచేవాళ్లు బాగానే కనిపిస్తారు. షుగర్ ఉన్నవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు, రిటైరైన టీచర్లు, చున్నీ నడుముకు చుట్టుకుని వేగంగా నడిచే ఆడవాళ్లు. కట్ట మొదట్లో బండ్లు వరుసగా నిలబెట్టి ఉంటాయి. అందరూ నడవడానికి బండి మీద వచ్చినవాళ్లే. నేనూ అలాగే వెళ్తాను. ఇంటి నుంచి కట్ట దాకా నడుద్దామంటే మూత లేని మోరీ ఒకచోట, ఫుట్‌పాత్ మీద ఇసుక కుప్ప ఇంకోచోట, వెనుక నుంచి హారన్ కొడుతూ లారీ. ఆ టెన్షన్‌తో నడిస్తే బీపీ తగ్గదు.

మా దగ్గర నడక ఒక వ్యాయామంగా, కట్టకో పార్కుకో వెళ్లి చేసే పనిగా మారింది. ఇది ఒక్కరోజులో జరిగింది కాదు, జనం బద్ధకం వల్ల జరిగిందీ కాదు. దాని వెనుక డెబ్బై ఏళ్ల కథ ఉంది.

మహబూబ్‌నగర్ అనే పేరు 1890లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద వచ్చింది. అంతకుముందు ఇది పాలమూరు. పాత పాలమూరు గల్లీల్లో, నల్లగొండలో క్లాక్ టవర్ నుంచి ప్రకాశం బజారు వైపు ఒకసారి నడిచి చూడండి. బజారు, గుడి, మసీదు, బడి అన్నీ కాలినడకకు అందే దూరంలోనే ఉంటాయి. ఆ రోజుల్లో ఊరు పెరగడానికి మనిషి కాలే కొలత. పల్లెల్లోనూ అంతే. బొడ్రాయి దగ్గర మొదలై ఊరు చుట్టూ పెరిగేది. అంగడికి పొరుగూరు దాకా నడిచేవాళ్లు, పత్తి చేనుకు నడిచేవాళ్లు, కరువొస్తే పాలమూరు కూలీలు దేశం మీదికి పోవడం కూడా చాలావరకు నడకతోనే మొదలయ్యేది. 1951లో వినోబా భావే మన నల్లగొండ జిల్లా పల్లెల గుండా నడుచుకుంటూనే వచ్చారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. భూదానం పుట్టింది ఆ నడకలోనే.

అయితే ఆ పాత ఊరిని స్వర్గంలా చూపిస్తే అబద్ధమవుతుంది. దళితవాడ ఊరికి దూరంగా ఉండేది. దొర గడి ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతపట్టుకోవాల్సిన కాలం ఈ జిల్లాల్లో మన తాతలు చూసిందే. బాటలో ఎవరు తలెత్తుకుని నడవాలో దొరలు నిర్ణయించారు. నల్లగొండ మట్టిలో సాయుధ పోరాటం లేచినప్పుడు భూమితో పాటు ఆ బాట కూడా జనం గెలుచుకున్నదే. రోడ్డు మీద ఎవరికి హక్కు అనే ప్రశ్న మనకు కొత్తది కాదు.

ఆ తర్వాతి ముప్పై, నలభై ఏళ్లు సైకిల్‌వి. స్వాతంత్ర్యం వచ్చాక హెర్క్యులిస్, అట్లాస్, హీరో సైకిళ్లు దేశంలోనే తయారయ్యాయి. ప్రతి చౌరస్తాలో ఒక సైకిల్ టాక్సీ ఉండేది. ఈ కాలం పిల్లలకు ఆ పేరు తెలియదు. గంటల లెక్కన సైకిల్ కిరాయికి ఇచ్చే దుకాణం అది. పంక్చర్లు వేసేదీ అక్కడే. బారు కింద నుంచి కాలు పెట్టి వంకరగా తొక్కుతూ, మోకాళ్లు చీరుకుపోతూ సైకిల్ నేర్చుకున్న తరం మాది. క్యాన్లు వేలాడదీసుకుని పాలవాళ్లు, కల్లు కుండలతో గీతకార్మికులు, నూలు కట్టలతో నేతన్నలు, సంచి నిండా పేపర్లతో కుర్రాళ్లు సైకిల్ మీదే బతికారు. మా నాన్న రోజూ పోనూ రానూ 14 కిలోమీటర్లు తొక్కి ఉద్యోగానికి వెళ్లొచ్చారు. ఆయన దాన్ని ఎన్నడూ వ్యాయామం అనలేదు.

సరిగ్గా ఆ కాలంలోనే, ఎక్కడో లండన్‌లో, ఈ సంగతిని సైన్స్ పట్టుకుంది. జెరెమీ మోరిస్ అనే డాక్టరు అక్కడి డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పరిశీలించారు. ఒకే బస్సు, ఒకే ఊరు. కానీ కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండె జబ్బులు తక్కువగా కనిపించాయి. 1953లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చిన ఆ పరిశోధన దగ్గరే కదలికకూ గుండెకూ ఉన్న లెక్క మొదలైందని చెప్పవచ్చు. కండక్టర్లు జిమ్‌కు పోయినవాళ్లు కాదు. వాళ్ల పనిలోనే కదలిక ఉంది. ఈ ఒక్క సంగతి మన మున్సిపాలిటీలకు అర్థమైతే చాలనిపిస్తుంది నాకు.

మనం మాత్రం అప్పుడు దానికి ఎదురు దిక్కుకు పోవడం మొదలుపెట్టాం. 1972లో లూనా వచ్చింది, 1980లో టీవీఎస్ 50, 1985లో హీరో హోండా. 1991 తర్వాత వాయిదాల మీద బండి కొనడం తేలికైంది. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాక వేరే పనులు చేసేవాళ్లలో పనికి సైకిల్ మీద పోయేవాళ్లూ మోటారు బండి మీద పోయేవాళ్లూ దాదాపు సమానంగా, చెరో 13 శాతం దగ్గర ఉన్నారు. ఆ తర్వాత ఏ వైపు మొగ్గిందో మన గల్లీ చూస్తే తెలుస్తుంది. నేను బండిని తిట్టను. మిట్ట మధ్యాహ్నం 44 డిగ్రీల ఎండలో మిర్యాలగూడ నుంచి నల్లగొండ ఆస్పత్రికి పోవాల్సినవాడికి అది ప్రాణం. బండి రావడం వల్ల నష్టం జరగలేదు. బండి వచ్చిందని మిగతావాళ్ల తొవ్వ తీసేయడం వల్ల జరిగింది.

తొవ్వ తీసేయడం రెండు విధాలుగా జరిగింది. మొదటిది రోడ్డు విస్తరణ. పాలమూరు పట్టణం నడిమధ్య నుంచి పోయేది 167 నంబరు జాతీయ రహదారి. ఇటు జడ్చర్ల, అటు రాయచూరు. ఊరి ప్రధాన వీధే హైవే అయినప్పుడు కొలత హైవేది అవుతుంది. ఎన్ని వరుసలు, ఎంత వేగం అని చూస్తారు. మధ్యలో డివైడర్ వస్తుంది. ఎదురుగా ఉన్న మెడికల్ షాపుకు పోవాలంటే ముసలావిడ యూ టర్న్ దాకా నడిచి తిరిగి రావాలి. రోడ్డు ఒక శాఖది, పక్కన మోరీ మున్సిపాలిటీది. ఆ రెంటి మధ్య ఉండాల్సిన కాలిబాట ఎవరిదీ కాకుండా పోతుంది. నిజాం కాలం నుంచి నీడనిచ్చిన చింత, వేప చెట్లు విస్తరణలో పోయాయి. నీడ లేని నల్లగొండలో మే నెలలో ఎంత మంచి ఫుట్‌పాత్ వేసినా ఎవరూ నడవరు.

దీని చివరి అంచు ఎలా ఉంటుందో పెద్దకుంట తండా చూపించింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో, హైదరాబాద్ నుంచి వచ్చే 44వ నంబరు హైవే పక్కన ఉన్న చిన్న తండా అది. ఇళ్లు ఒకవైపు, పనులు, రేషన్, ఆఫీసులు మరోవైపు. దాటడానికి వంతెన లేదు, కింద నుంచి దారి లేదు. బైపాస్ వేసిన తర్వాత ఆ రోడ్డు దాటుతూ ఒకరి తర్వాత ఒకరుగా మగవాళ్లు చనిపోయారు. హైవే వితంతువుల ఊరు అని విదేశీ పత్రికలు కూడా రాసేదాకా వచ్చింది. రోడ్డు గీసినప్పుడు ఆ పటంలో తండా మనుషుల అడుగులు ఎవరూ గుర్తించలేదు. ఇది ఒక్క తండా బాధ కాదు. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే వాళ్లలో 32,825 మంది కాలినడకన పోతున్నవాళ్లు.

రెండోది వెంచర్లు. ఊరికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో చేను కొని, రాళ్లు పాతి, 30 అడుగుల రోడ్లు గీసి ప్లాట్లు అమ్మారు. ఆ గీతల్లో బడికి చోటు లేదు, కిరాణాకు చోటు లేదు. ఒక వెంచర్ రోడ్డు పక్క వెంచర్ రోడ్డుతో కలవదు. వంద గజాల దూరంలో ఉన్న ఇంటికి మెయిన్ రోడ్డు ఎక్కి తిరిగి రావాలి. అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసుకొమ్మని 2020లో ప్రభుత్వం పిలిచింది. దాంతో ప్లాటు చట్టబద్ధమవుతుంది కానీ కలవని రోడ్లు కలవవు. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక కొత్త కలెక్టరేట్లు కూడా చాలాచోట్ల ఊరి అవతలే కట్టారు. పింఛను కాగితం పట్టుకుని వచ్చే మనిషి బస్టాండులో దిగి ఆటో కోసం చూడాలి.

1929లోనే అమెరికాలో క్లారెన్స్ పెర్రీ, కాలనీ నడుమ బడి ఉండాలి, ఏ ఇంటి నుంచైనా పిల్లలు పెద్ద రోడ్డు దాటకుండా పావు మైలులో బడికి చేరాలి అని లెక్క గీశారు. అంటే 400 మీటర్లు, ఐదు నిమిషాల నడక. మన నల్లగొండ జిల్లాలోనే నాగార్జునసాగర్ డ్యామ్ కట్టినవాళ్ల కోసం హిల్ కాలనీ, పైలాన్ కాలనీ కట్టారు. 1955 డిసెంబరు 10న డ్యామ్‌కు శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత వచ్చిన ఆ కాలనీల్లో క్వార్టర్లతో పాటు బడి, దవాఖానా కూడా ముందే ఆలోచించి పెట్టారు. ప్లాట్లు అమ్మడానికి కాక మనుషులు బతకడానికి కాలనీ గీస్తే ఎలా ఉంటుందో చూడటానికి మనం ఎక్కడికో పోనక్కర్లేదు.

నియమాలు లేవని కూడా అనలేం. సైకిల్ బాటలు ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే రాసిపెట్టింది. ఫుట్‌పాత్ గురించి 1988లో రాసి, 2012లో సవరించింది. మనిషి అడ్డు లేకుండా నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు, అంటే ఆరు అడుగులు ఉండాలి. ఎత్తు అర అడుగు దాటకూడదు. 2006 జాతీయ పట్టణ రవాణా విధానం వాహనాలను కాదు, మనుషులను కదిలించడమే లక్ష్యమంది. 2015లో కేంద్రం పట్టణాల కోసం తెచ్చిన అమృత్ పథకంలో నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, మిర్యాలగూడ నాలుగూ ఉండేవి. అందులో కాలినడక సౌకర్యాలు కూడా ఒక అంశంగా ఉండేవి. కానీ జనం కళ్లకు కనబడేది మినీ ట్యాంక్‌బండ్, ప్రకృతి వనం, ఓపెన్ జిమ్. అవి మంచివే, నాకు ఇష్టమే. ఇంటికీ బడికీ మధ్య ఉన్న తొవ్వకు మాత్రం రిబ్బన్ కత్తిరించే వేదిక ఉండదు.

ఫలితం ఒంట్లో తేలింది. 2023లో భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని లెక్క తేల్చింది. తిండి, టెన్షన్, వంశం అన్నీ కారణాలే. కదలిక తగ్గడం వాటిలో మనం రోడ్డు గీసి సరిచేయగలిగినది. వారానికి కనీసం 150 నిమిషాలు కదలమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. బడికి, కిరాణాకు, బస్టాండుకు రోజూ నడిస్తే అది తెలియకుండానే పూర్తవుతుంది. విడిగా టైం పెట్టుకోవాలంటే మాత్రం కూలికి పోయే మనిషికి, ఇంట్లో పనంతా మీద వేసుకున్న ఆడమనిషికి అది కుదరని పని.

నల్లగొండలో ఇంకో బాధ ఉంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగినవాళ్లు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. మంచినీళ్లు వచ్చినా వంగిన కాళ్లు నిటారు కావు. వాళ్లకు అడుగు ఎత్తున్న ఫుట్‌పాత్ అంటే గోడే. ఆ అర అడుగు నియమం కాగితం మీద చిన్నదే, వాళ్ల దగ్గర మాత్రం అదే ఇల్లు దాటడమా, దాటకపోవడమా అన్నది తేల్చేది.

నెదర్లాండ్స్ అంటే సైకిళ్ల దేశమని అందరూ అంటారు. అక్కడా 1950, 60లలో కార్లు రోడ్లు ఆక్రమించాయి. 1971లో 400 మందికి పైగా పిల్లలు రోడ్ల మీద చనిపోయాక తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. 1973 చమురు సంక్షోభం తోడైంది. ప్రభుత్వాలు అప్పుడు దారి మార్చుకున్నాయి. ముందు రోడ్డు మారింది, జనం తర్వాత మారారు.

2025 మే నెలలో సుప్రీంకోర్టు, అడ్డు లేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. తోపుడు బండ్లవాళ్లను తరిమేయడానికి దీన్ని వాడుకుంటారేమోనని నాకు భయం ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం వాళ్లకూ చోటు చూపాలంటుంది. వాళ్లున్న వీధిలోనే రాత్రి తొమ్మిది దాకా ఆడపిల్లలు ధైర్యంగా నడుస్తారు. నిజంగా చోటు మింగేది నిలిపి ఉంచిన కార్లు, షాపుల ముందు పోసిన మెట్లు.

మా గల్లీలో మోరీ మీద స్లాబులు వేసి రెండేళ్లయింది. డ్రైనేజీ పని కింద వేశారు, నడవడానికని ఎవరూ అనుకోలేదు. నాలుగు అడుగుల వెడల్పు, మధ్యలో రెండుచోట్ల కరెంటు స్తంభాలు అడ్డం. అయినా ఎదురింటి పెద్దమ్మ కర్ర పట్టుకుని సాయంత్రం దాని మీదే చివరి కిరాణా దాకా వెళ్లి వస్తోంది. గల్లీ చివర స్లాబు ఆగిపోతుంది. ఆమె కూడా అక్కడిదాకే పోయి వెనక్కి తిరుగుతుంది.